చేతులు మారు చరిత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



రజతమనగా వెండి. ఒక సంస్థ పుట్టి 25 ఏండ్లు నిండినపుడు ఆ పండుగను వెండి పేరుతో పిలుచుట లోకవాడుక. ఈ గ్రంథాలయమునకు నేడా పండుగ వచ్చినది. దేశమునకును ఒకప్పుడట్టి పండుగ వచ్చెను. 1947వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన స్వతంత్రమైన భారతదేశమునకు 1972లో 25 ఏండ్లు నిండెను. ఆ యుత్సవమునకు గుర్తుగా భారత ప్రభుత్వము రెండు నాణెములను వెలువరించెను. ఒకటి 10 రూపాయల నాణెము. అందులో సగము వెండి. రెండవది 50 పైసల నాణెము. అది రాగి, నికెలు కలిసిన తెల్లని లోహము. పార్లమెంటు భవనము వెనుక నిలువగా, పతాకమును చేబూనిన యువతీ యువకులు ముందునకు చూచుచున్నట్లు బొమ్మ చెక్కిరి. ప్రక్కన 1947, 1972 అను రెండు సంవత్సరములు వేసిరి.

ఒకే యుత్సవమునకు పుట్టిన ఈ రెండు నాణెముల బ్రతుకులు మాత్రము వేరయ్యెను. వెండి గల నాణెము బజారున నిలువలేదు. చేతికి వచ్చినవారు దానిని పెట్టెలో దాచిరి. నాణెములు సేకరించువారు కొని పదిలపరచిరి. 50 పైసల నాణెమన్ననో టీ దుకాణమునకు పోయెను, బస్సు కండక్టరు సంచిలో చేరెను, తిరునాళ్ళలో బెలూనులవాని గుడ్డమూటలో పడెను, బడిపిల్లల జేబులో గలగలలాడెను. ఈ రెండింటిలో దేశచరిత్రకు ఎక్కువ సేవ చేసినది ఏది? వెండిదా, చిల్లరదా? నేటి ప్రసంగమునకు ఈ ప్రశ్నయే విషయము.

స్మారక నాణెమనగా ఏమో ముందు స్పష్టము చేసికొనుట మంచిది. ప్రతి నాణెమునకు రెండు ముఖములు కలవు. తెలుగువారు వానిని బొమ్మ, బొరుసు అందురు. నేటి భారత నాణెములపై ఒక ముఖమున అశోకుని సింహశీర్షము, దాని క్రింద ‘సత్యమేవ జయతే’ అను మాట ఉండును. రెండవ ముఖమున సాధారణముగా వెల, సంవత్సరము, ఏదో యొక అలంకారము ఉండును. ఒక మహాపురుషుని జయంతికో, ఒక చారిత్రక సంఘటన వార్షికోత్సవమునకో గుర్తుగా ఆ అలంకారమును మార్చి ప్రత్యేకమైన బొమ్మను వేసినచో అది స్మారక నాణెమగును. బొమ్మ మారినంత మాత్రమున విలువ మారదు. స్మారకమైనను, సాధారణమైనను 5 రూపాయల నాణెము 5 రూపాయల నాణెమే. ఈ చిన్న విషయమును మరచుటవలన కలిగిన చిక్కు గురించి ముందు చెప్పబడును.

జరిగినదానిని నాణెముపై నిలుపుట భారతదేశమునకు క్రొత్త కాదు. గుప్త చక్రవర్తియగు సముద్రగుప్తుడు అశ్వమేధము చేసి, యూపస్తంభము నెదుట నిలిచిన గుఱ్ఱము బొమ్మతో బంగారు నాణెములు కొట్టించెను. అంతకు పూర్వమే శాతవాహన ప్రభువగు గౌతమీపుత్ర శాతకర్ణి క్షహరాత నహపాణుని జయించి, ఓడిన రాజు వెండి నాణెములను కరగింపక, వానిపైననే తన ముద్రలను మరల కొట్టించెను. 1906లో నాసిక్ సమీపమున జోగల్‌తెంబి యను చోట ఒక నిధి బయటపడెను. అందు 13 వేలకు పైగా నాణెములున్నవి. వానిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు అట్లు తిరుగ ముద్రింపబడినవి. నహపాణుని ముఖముపై శాతవాహనుల కొండ గుర్తు, ఉజ్జయినీ చిహ్నము పడియున్నవి. ఆ నాణెము చేతబట్టిన రైతునకు, వర్తకునకు ఏ శాసనమును చదువనక్కఱలేదు. రాజ్యము ఎవనినుండి ఎవనికి మారెనో ఆ వెండి బిళ్ళయే చెప్పెను. చేతులు మారు వస్తువుపై వ్రాసిన వార్త ఊరూరికి నడచి పోవునని ఆ కాలమువారు చక్కగ నెఱిగిరి.

ఇక ఆధునిక కాలమునకు వత్తము. దేశము స్వతంత్రమైన నాడు ప్రజల చేతిలోనున్న నాణెములపై బ్రిటిషు రాజు ఆరవ జార్జి ముఖమే యుండెను. 1947 సంవత్సరాంకము గల రూపాయిపై ఒక ప్రక్క రాజు, రెండవ ప్రక్క పెద్దపులి. ఆ రూపాయి నికెలుతో చేసినది. 1940 నాటికే సగమునకు తగ్గిన వెండి, 1947 నాణెములో పూర్తిగ తొలగిపోయెను. రాజరికము పోయినను రాజు బొమ్మ మరి మూడేండ్లు జేబులలో నిలిచెను. 1950వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన గణతంత్ర భారతము తన సొంత నాణెముల వరుసను ప్రవేశపెట్టెను. రాజు ముఖమున్న చోట అశోక సింహములు నిలిచెను. రూపాయిపై పులి బొమ్మ పోయి ధాన్యపు కంకులు వచ్చెను. అణాపై ఎద్దు, పైసపై గుఱ్ఱము కనబడెను. ఆ వరుస పేరునకు స్మారకము కాకున్నను, పనిలో అంతకు మించినది. దేశము చేతులు మారినదని చదువురాని కూలికి సయితము అది తెలియజేసెను.

1957వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన దశాంశ పద్ధతి అమలులోనికి వచ్చెను. 16 అణాల రూపాయి 100 నయాపైసల రూపాయి ఆయెను. ప్రజలు తికమక పడకుండుటకై ఆ చిన్న నాణెములపై రూపాయిలో నూఱవ భాగము, రూపాయిలో పదియవ భాగము అని హిందీలో వ్రాసిరి. అనగా నాణెమే పంతులుగా మారి లెక్క నేర్పెను. 1964 జూను 1వ తేదీన ‘నయా’ అను మాట తొలగి పైస యను పేరు స్థిరపడెను.

స్వతంత్ర భారతపు మొదటి స్మారక నాణెములును 1964లోనే వెలువడెను. ఆ యేడు మే నెలలో కీర్తిశేషుడైన జవహర్‌లాల్ నెహ్రూ స్మృత్యర్థము రూపాయి, అర్ధరూపాయి నాణెములు ఆయన ముఖచిత్రముతో వచ్చెను. 1969లో మహాత్ముని శతజయంతికి 20 పైసలు, 50 పైసలు, ఒక రూపాయి, 10 రూపాయలు – ఈ నాలుగు వెలలలోను నాణెములు కొట్టిరి. 10 రూపాయలది వెండి. 20 పైసలది పసుపు వన్నె గల చవుక లోహము. గాంధీజీ ముఖము 20 పైసలకే పేదవాని గుడిసెలోనికి పోగలిగెను. ఆయనకు అంతకంటె తగిన స్మారకము వేఱొకటి యుండునా యని తోచును. 25 పైసలు, అంతకు లోబడిన నాణెములు 2011 జూను 30వ తేదీనుండి చెల్లకుండ పోయెను. కనుక ఆ 20 పైసల గాంధీ నాణెము నేడు జ్ఞాపకముగ మాత్రమే మిగిలినది.

ఇవి వ్యక్తుల స్మారకములు. దేశమే తన పుట్టినరోజును నాణెముపై వేసికొన్న సందర్భములలో మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఎంతో విషయము తెలియును. 25 ఏండ్లకు 1972లో వేసిన బొమ్మ ముందే చెప్పబడినది: యువతీ యువకులు, పతాకము, పార్లమెంటు. 50 ఏండ్లకు 1997లో 50 పైసల నాణెమును, 50 రూపాయల వెండి నాణెమును వెలువరించిరి. వానిపై దండి యాత్రలో చేతికఱ్ఱతో నడచుచున్న గాంధీజీ, ఆయన వెంట సత్యాగ్రహులు కనబడుదురు. 75 ఏండ్లకు 2022వ సంవత్సరము జూను 6వ తేదీన 1, 2, 5, 10, 20 రూపాయల నాణెముల వరుసను ప్రధానమంత్రి విడుదల చేసెను. వానిపై ‘ఆజాదీ కా అమృత్ మహోత్సవ్’ చిహ్నము కలదు. చూపులేనివారును తడవి సులభముగ పోల్చుకొనునట్లు వానిని రూపొందించిరని ఆనాడే తెలిపిరి.

ఈ మూడు బొమ్మలును మూడు కాలముల మనస్సులు. 25 ఏండ్ల దేశము తాను కట్టుకొన్న రాజ్యాంగ సౌధమును, రాబోవు తరమును తలచుకొన్నది. 50 ఏండ్ల దేశము వెనుకకు తిరిగి, తాను నడచి వచ్చిన త్రోవను తలచుకొన్నది. 75 ఏండ్ల దేశము ఒక చిహ్నమును ఎన్నుకొని, దానిని చిల్లర వెలలన్నింటిపైనను వేసి, ప్రతి జేబునకు పంపినది. బొమ్మ మాటకు వచ్చినచో, నడచుచున్న మనుష్యుల చిత్రము చదువురానివానికి సయితము తానే కథ చెప్పును. చిహ్నమునకు చెప్పువాడొకడు కావలెను. కాని అందరి చేతికి అందు వెలలలో వచ్చుట అను గుణము చివరి వరుసకు మెండుగ కలదు. మంచి బొమ్మ, చిన్న వెల – ఈ రెండును కలసినప్పుడే స్మారక నాణెము తన పని పూర్తిగ చేయును.

దండి యాత్ర బొమ్మ గల నాణెము తెలుగువాని చేతికి వచ్చినపుడు అది గుజరాతు కథగ మాత్రమే తోచనక్కఱలేదు. 1930లో గాంధీజీ ఉప్పు తీసిన పిమ్మట, మచిలీపట్టణము, కాకినాడ మొదలైన ఆంధ్ర తీరమంతట జనులు ఉప్పు వండి చెరసాలలకు పోయిరి. ఆ యాత్రకు 75 ఏండ్లు నిండిన 2005లో 5 రూపాయల నాణెము మరల వెలువడెను. తాత ఉప్పు వండి లాఠీదెబ్బలు తిన్న ఊరిలో మనుమడు ఆ నాణెమిచ్చి ఉప్పు పొట్లము కొనును. బొమ్మలోనిదేమో ఎవరును చెప్పనిచో వానికది వట్టి 5 రూపాయలు. చెప్పినచో అది తన యింటి కథ.

ఇట్టి చరిత్ర వార్షికోత్సవ నాణెములు మరి కొన్ని కలవు. క్విట్ ఇండియా ఉద్యమ స్వర్ణోత్సవమునకు, 1857 సంగ్రామము జరిగి 150 ఏండ్లు నిండిన సందర్భమునకు, పార్లమెంటు 60 ఏండ్ల పండుగకు, గదర్ ఉద్యమ శతాబ్దికి, 1965 యుద్ధ స్వర్ణోత్సవమునకు నాణెములు వచ్చెను. వీనిలో 5 రూపాయలవి, 10 రూపాయలవి పెక్కు సంతలలోనికి వచ్చి చేతులు మారినవే. ఈ సభలోనివారి సంచులలోను, గల్లాపెట్టెలలోను వానిలో కొన్ని యుండుట అసంభవము కాదు. అవి అచట నున్నవని తెలియకపోవుటయే లోటు.

నాణెము పుట్టు విధమును గూర్చియు కొంచెము తెలియవలెను. టంకశాలను పూర్వులు కమ్మటమనియు పిలిచిరి. మొదట చిత్రకారుడు బొమ్మను గీయును. దానిని పెద్ద పరిమాణమున మలచి, పిదప నాణెపు పరిమాణమునకు తగ్గించి ఉక్కు అచ్చులపై దించుదురు. లోహపు రేకునుండి గుండ్రని బిళ్ళలను కత్తిరించి, కాచి మెత్తబరచి, కడిగి శుభ్రపరచి, పై అచ్చునకును క్రింది అచ్చునకును నడుమ నుంచి గొప్ప ఒత్తిడితో నొక్కుదురు. ఆ నొక్కుతో బొమ్మయు, బొరుసును ఒకేసారి పడును. భారతదేశమున ముంబాయి, కోల్‌కత, హైదరాబాదు, నోయిడాలలో నాలుగు టంకశాలలు కలవు. నాణెముపై సంవత్సరము క్రింద పరిశీలించి చూచినచో ఏ టంకశాలలో పుట్టినదో తెలియును. నక్షత్రమున్నచో హైదరాబాదు, వజ్రాకారమున్నచో ముంబాయి, చిన్న చుక్క యున్నచో నోయిడా, ఏ గుర్తును లేనిచో కోల్‌కత. హైదరాబాదు టంకశాల నిజాము కాలమునాటిది. 1903లో సైఫాబాదునకు చేరిన ఆ శాలలో చార్మినారు బొమ్మ గల నాణెములు కొట్టిరి. తరువాత అది భారత ప్రభుత్వమునకు చెంది, 1997లో చర్లపల్లికి మారెను. నందమూరి తారక రామారావు శతజయంతికి 2023 ఆగస్టు 28వ తేదీన రాష్ట్రపతి విడుదల చేసిన 100 రూపాయల స్మారక నాణెము అచట పుట్టినదే.

ఇక పరదేశపు ఉదాహరణ మొకటి. అమెరికా సంయుక్త రాష్ట్రములు 1776లో స్వాతంత్ర్యమును ప్రకటించుకొనెను. ఆ ప్రకటనకు 200 ఏండ్లు నిండిన 1976 సంవత్సరమునకు వారు ప్రత్యేకముగ క్రొత్త వెలలను సృష్టింపలేదు. నిత్యము వాడుకలోనున్న పావు డాలరు, అర డాలరు, డాలరు నాణెములపైననే ఒక ముఖమును మార్చి, 1776–1976 అని రెండు సంవత్సరములు వేసిరి. బొమ్మలకై దేశమంతటికిని పోటీ పెట్టిరి. పావు డాలరుపై ఆ నాటి తంబురుగాడు, అర డాలరుపై స్వాతంత్ర్య ప్రకటన జరిగిన భవనము, డాలరుపై స్వేచ్ఛా ఘంట, దాని వెనుక చంద్రబింబము. ఈ మూడవ బొమ్మను గీసినవాడు ఒక చిత్రకళా విద్యార్థి. ఆ పావు డాలరు కోట్ల కొలది చేతులలో తిరిగెను. ఉత్సవము రాజధానిలో జరిగినను, దాని గుర్తు పల్లెలోని దుకాణమునకు చిల్లరగ వచ్చెను. పోటీ అందరికి, నాణెము అందరికి – ఈ పద్ధతి ఏ దేశమునకైనను ఆలోచింపదగినది.

దీనికి భిన్నమైన పద్ధతి యొకటి భారతదేశమున పెరిగినది. 75, 100, 125, 150 రూపాయల వంటి వెలలతో, చలామణికి కాక, సేకరించువారికై మాత్రమే పెక్కు నాణెములు వెలువడుచున్నవి. 2023 మే 28వ తేదీన క్రొత్త పార్లమెంటు భవన ప్రారంభమునకు వెలువడిన 75 రూపాయల నాణెములో నూటికి 50 పాళ్ళు వెండి, 40 పాళ్ళు రాగి, 5 పాళ్ళు నికెలు, 5 పాళ్ళు తుత్తునాగము కలవు. అట్టి నాణెములను టంకశాలలు పెట్టెలలో నమర్చి, పైనున్న వెలకంటె ఎంతో ఎక్కువ ధరకు అమ్మును. లోహపు వెలయు, పనితనమును చూచినచో అందు అన్యాయము లేదు. సేకరణ యను అభిరుచి మంచిదే. కాని 1919 ఏప్రిల్ 13వ తేదీన జలియన్‌వాలా బాగులో కూలినవారు సామాన్య జనులు. ఆ దారుణమునకు నూఱేండ్లు నిండిన దినమున, 2019లో, అమృతసరములో నాటి ఉపరాష్ట్రపతి ముప్పవరపు వెంకయ్యనాయుడు విడుదల చేసిన స్మారక నాణెము 100 రూపాయలది. అది సామాన్యుని చేతికి చిల్లరగ వచ్చునది కాదు. సామాన్యుల త్యాగమును తలచు నాణెము సామాన్యులకు కనబడకపోవుట తీరని కొఱత. గొప్పవారి పెట్టెకు వెండి నాణెము పోవచ్చును. దానితోబాటు 5 రూపాయల నాణెమొకటి సంతకు రావలెను. 1972లోను, 1997లోను జరిగినది అదియే కదా!

అయితే దోషమంతయు ప్రభుత్వమునందే లేదు. చేతికి వచ్చిన నాణెమును ప్రజలే త్రోసిపుచ్చిన కాలము నొకటి చూడవలసి వచ్చినది. రెండు లోహముల 10 రూపాయల నాణెము వచ్చిన తరువాత దానిపై పలు సందర్భములలో పలు బొమ్మలు వేసిరి. పార్లమెంటు 60 ఏండ్ల పండుగది యొకటి, గాంధీజీ దక్షిణాఫ్రికానుండి తిరిగివచ్చి నూఱేండ్లయిన గుర్తు ఒకటి, అంబేద్కరు 125వ జయంతిది యొకటి. రూపాయి గుర్తు ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని. ఒకే వెలకు ఇన్ని రూపములుండుట చూచి, వీనిలో కొన్ని దొంగనాణెములని పుకారు పుట్టెను. తెలుగునాట పలు ఊళ్ళలో దుకాణదారులు 10 రూపాయల నాణెమును పుచ్చుకొనమనిరి. బస్సులో వాదులాటలయ్యెను. దినకూలిగ వచ్చిన నాణెములను కొట్టువాడు త్రిప్పి యిచ్చినచో, ఆ రాత్రి బియ్యము కొనుట ఎట్లు? కూరగాయల గంప దించి సాయంకాలము వఱకు కూర్చున్న ముసలమ్మ చెంగున మూటగట్టిన సొమ్ము సొమ్ము కాదనినచో ఆమె ఎవరికి చెప్పుకొనవలెను?

రిజర్వు బ్యాంకు 2018వ సంవత్సరము జనవరి 17వ తేదీన దీనిపై స్పష్టముగ ప్రకటించెను. అప్పటికి 14 విధములైన బొమ్మలతో 10 రూపాయల నాణెములు వెలువడెననియు, అవన్నియు ప్రభుత్వ టంకశాలలలో పుట్టినవే యనియు, అన్నియు చెల్లుననియు తెలిపెను. 2011 నాటి నాణెముల చట్టము ప్రకారము రూపాయి, అంతకు పైబడిన వెలల నాణెములను 1,000 రూపాయల మొత్తము వఱకు, అర్ధరూపాయి నాణెములను 10 రూపాయల మొత్తము వఱకు చెల్లింపుగ నీయవచ్చును. 50 పైసల నాణెము బజారున మాయమైనను చట్టమున చెల్లునదే. కావున 1972 నాటి రజతోత్సవపు 50 పైసలు, 1997 నాటి స్వర్ణోత్సవపు 50 పైసలు నేటికిని ధనమే. ప్రభుత్వ ప్రకటన వచ్చినను పుకారు వెంటనే చావలేదు. ప్రకటనకంటె పుకారు కాళ్ళు వేగమైనవి. దేశము తన చరిత్రను గుర్తుంచుకొనుమని పంపిన బొమ్మయే అనుమానమునకు కారణమగుట ఎంత వింత!

ఇందుకు మూలమైన కారణము నొకదానిని మరువరాదు. భారత నాణెముపై అక్షరములు హిందీలోను, ఇంగ్లీషులోను మాత్రమే యుండును. కాగితపు నోటుపై 15 భాషల పట్టిక కలదు, అందు తెలుగు కలదు. నాణెముపై అంత చోటు లేదు. ఒకప్పుడు ఈ ప్రాంతమున తెలుగు అక్షరములు నాణెముపై కనబడెను. 19వ శతాబ్ది ఆరంభమున మద్రాసు రాజధానిలో కంపెనీవారు కొట్టిన వెండి ఫణములపై తెలుగు, తమిళ లిపులు కలవు. నేడా భాగ్యము లేదు. తెలుగు మాత్రమే వచ్చిన రైతు, ఏ భాషయు చదువరాని కూలి, బొమ్మను చూచి అర్థము చేసికొనవలసినదే. లేదా చదివి చెప్పువానిని ఆశ్రయింపవలసినదే.

ఆ చదివి చెప్పుపని ఎవరిది? అది గ్రంథాలయముదే. గ్రామమున దినపత్రిక వచ్చు చోటు, నలుగురు కూర్చుండు చోటు, ప్రశ్న అడిగినచో సిగ్గుపడనక్కఱలేని చోటు ఇదియే. దీనికి పెద్ద ధనము అక్కఱలేదు. అద్దపు మూత గల ఒక చిన్న పలకపై, గ్రామస్థుల చిల్లరలోనే దొరకు స్మారక నాణెములను వరుసగ నమర్చి, ఒక్కొక్కదాని క్రింద రెండు మూడు పంక్తులలో తెలుగున వ్రాసి పెట్టవచ్చును: ఇది ఏ సంఘటనకు గుర్తు, అది ఏ సంవత్సరమున జరిగినది, ఆ విషయమునకు సంబంధించిన పుస్తకము ఏ బీరువాలో నున్నది. మూడవది ముఖ్యము. నాణెము ప్రశ్న పుట్టించును, పుస్తకము సమాధానమిచ్చును. బడిపిల్లలు ఆదివారమునాడు ఇంటి చిల్లర తెచ్చి, నక్షత్రము గలవి ఎన్ని, చుక్క గలవి ఎన్నియని వెదకి, బొమ్మల కథలు వ్రాసికొనవచ్చును. ఆ పాఠమునకు పుస్తకముల ఖర్చు లేదు, పరీక్ష భయము లేదు.

రిజర్వు బ్యాంకు ప్రకటనలు వెలువడినపుడు వానిని బిగ్గరగ చదివి వినిపించుటయు గ్రంథాలయపు పనియే. పాత నాణెములకు లక్షలు వచ్చునని ఆశ చూపు ప్రకటనలు పెక్కు కనబడుచున్నవి. తన పేరు వాడుకొని, పాత నాణెములు, నోట్లు కొందుమని చెప్పి రుసుములు లాగు మోసగాండ్రున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించెను. ఆ హెచ్చరిక తెలిసినవాడు మోసపోడు. దొరకిన పాత నాణెమును చింతపండుతో తోమి తళతళలాడింపరాదనియు ఇచటనే చెప్పవలెను. అట్లు తోమినచో పైపొర పోయి బొమ్మ అరగును. సేకరించువాని దృష్టిలో దాని విలువయు తగ్గును.

మొదట నడిగిన ప్రశ్నకు తిరిగి వచ్చినచో సమాధానము స్పష్టమగుచున్నది. 1972 నాటి వెండి నాణెము నేటికిని నిగనిగలాడుచు ఏదో పెట్టెలో నున్నది. దానిపై యువతీ యువకుల ముఖములు చెక్కుచెదరలేదు. 50 పైసల నాణెమో, వేల వ్రేళ్ళ రాపిడికి అరగి, అంచులు మాసి, పతాకము కనబడియు కనబడకున్నది. ఆ అరుగుదలయే దాని పని. ఒక్కొక్క చేయి దానినుండి రవంత తీసికొని పోయినది. ఈ గ్రంథాలయపు బీరువాలలోను అట్టి భేదమే కలదు. కుట్టు విడని, పుట మడవని పుస్తకములు కొన్ని. అట్టలు మూడుమార్లు మార్చి, చివరి పుటలు అతికించిన పుస్తకములు కొన్ని. ఈ 25 ఏండ్లలో గ్రామమును పెంచినవి రెండవ రకమువే.

రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము వెండి నాణెమువలె పదిలముగ నుండుటతో తృప్తిపడక, చిల్లర నాణెమువలె ఇంటింటికి తిరుగుగాక యని ఆకాంక్ష. సభ నుండి ఇంటికి మరలునపుడు ప్రతివారును తమ చిల్లరను ఒకమారు త్రిప్పి చూచి, అందు దొరకిన బొమ్మ కథను ఇంటిలోని పిల్లలకు చెప్పుదురుగాక. కథ తెలియనిచో రేపు ఉదయము గ్రంథాలయము తలుపులు తెరచియే యుండును.

స్వస్తి.